'గలోర్' అనే మాట ఎప్పుడూ వెనకాలే ఎందుకు నిలబడుతుంది?

నీలిసిరా
ఆఫీసులో ఒక రిపోర్టులో 'దేర్ ఆర్ గలోర్ ఎర్రర్స్ ఇన్ ది ఓల్డ్ డేటా' అని రాశాను. మా మేనేజర్ దాన్ని 'ఎర్రర్స్ గలోర్' అని తిప్పి, పక్కన ఒక నవ్వు బొమ్మ పెట్టి, మరో పదిమందికి కాపీ వేసి మరీ పంపింది. ఎందుకు తిప్పారని అడిగితే 'అదంతే' అంది. పదిహేనేళ్ళ నుంచి ఇంగ్లీషులో రాసే బతుకుతున్నాను. విశేషణం ముందు, నామవాచకం తర్వాత అనే కదా చిన్నప్పుడు బట్టీ పట్టించారు. బిగ్ హౌస్, రెడ్ కార్. మరి ఈ ఒక్క మాటకి ఎందుకంత పొగరు? 'బోలెడు' అని అర్థం అనుకుని వాడుతున్నాను, ఇప్పుడు అదీ అనుమానమే. అసలిది ఎక్కడి మాట?

గుండ్రాయి
మీ మేనేజర్ సరిగ్గానే చెప్పింది. ఏ భాషైనా సగం 'అదంతే'.

కోడ్‌కూలీ
గ్లోరీ నుంచి వచ్చి ఉంటుంది. గ్లోరీ, గలోర్. ఘనంగా, వైభవంగా ఉందని చెప్పడం.

అరసున్న
కోడ్‌కూలీ, చెవికి ఒకేలా వినిపించినవన్నీ చుట్టాలు కావు. గ్లోరీ లాటిన్ 'గ్లోరియా' నుంచి వచ్చింది. గలోర్‌కి దానితో ఏ సంబంధమూ లేదు. ఇది ఐరిష్ మాట, 'గొ ల్యోర్'. 17వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి దిగింది. ఐరిష్‌లో అది ఒక మాట కాదు, రెండు. 'ల్యోర్' అంటే సరిపోయేంత, చాలినంత. ముందున్న 'గొ' విశేషణాన్ని క్రియావిశేషణంగా మార్చే చిన్న ముక్క. 'మాహ్' అంటే మంచి, 'గొ మాహ్' అంటే బాగా. అలాగే 'గొ ల్యోర్' అంటే చాలినంతగా. ఇంగ్లీషు వాళ్ళు రెండూ కలిపి మింగేసి 'గలోర్' చేశారు.

ఇక మీ అసలు ప్రశ్న. ఐరిష్‌లో 'గొ ల్యోర్' నామవాచకం తర్వాత రావచ్చు. 'అర్యగద్ గొ ల్యోర్' అంటే కావలసినంత డబ్బు. ఇంగ్లీషు వాళ్ళు మాటతోపాటు అది కూర్చునే కుర్చీని కూడా తెచ్చుకున్నారు. అందుకే 'గలోర్ ఎర్రర్స్' తప్పు, 'ఎర్రర్స్ గలోర్' ఒప్పు.

కోడ్‌కూలీ
ఆగండాగండి. 'గొ' చేరిస్తే క్రియావిశేషణమా? మనకి 'గా' చేరిస్తే క్రియావిశేషణం. ఎర్ర, ఎర్రగా. అంటే ఐరిష్, తెలుగు అన్నదమ్ములన్నమాట!

అరసున్న
కాదు.

గుండ్రాయి
ఆ 'కాదు' వెనక పదేళ్ళ అలసట వినిపించింది నాకు.

తోకచుక్క77
ఐరిష్ అని అంత గట్టిగా చెప్పేస్తే ఎలా? స్కాట్లండ్ గేలిక్‌లోనూ 'గు ల్యోర్' ఉంది. అర్థం అదే. ఇంగ్లీషుకి అక్కడి నుంచి కూడా వచ్చి ఉండొచ్చు కదా.

అరసున్న
ఒప్పుకుంటాను. ఐరిష్, స్కాటిష్ గేలిక్ రెండూ పాత ఐరిష్ పిల్లలే. నిఘంటువుల్లో ఎక్కువ భాగం ఐరిష్ పేరు చెబుతాయి, కొన్ని రెండూ ఇస్తాయి. నామవాచకం వెనక నిలబడే గుణం రెండు భాషల్లోనూ ఉంది కాబట్టి నీలిసిరా ప్రశ్నకి జవాబు మారదు.

నీలిసిరా
మరి 'కోర్ట్ మార్షల్', 'అటార్నీ జనరల్' లాంటివాటిలో కూడా విశేషణం వెనకే ఉంటుంది కదా, అవీ ఐరిషేనా?

అరసున్న
అవి ఫ్రెంచి. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచాక కోర్టులూ పాలనా కొన్ని వందల ఏళ్ళు ఫ్రెంచిలో నడిచాయి. ఫ్రెంచిలో విశేషణం సాధారణంగా వెనక వస్తుంది. ఆ వాసన లా పుస్తకాల్లో మిగిలిపోయింది. 'హెయిర్ అపారెంట్' (తిరుగులేని వారసుడు) కూడా ఆ బాపతే. కాకపోతే 'మార్షల్', 'జనరల్' అనే విశేషణాలు వేరేచోట బుద్ధిగా ముందే ఉంటాయి. 'మార్షల్ లా' అంటాం కదా. గలోర్ మాత్రం ఎక్కడా ముందుకు రాదు.

రాత్రిబండి
'అప్లెంటీ' అనే మాట కూడా ఎప్పుడూ వెనకే. 'టైమ్ అప్లెంటీ'. ఇది పక్కా ఇంగ్లీషు తయారీ. అంతెందుకు, 'ఇనఫ్' చూడండి. 'ఇనఫ్ టైమ్' అనొచ్చు, కాస్త పాతకాలపు పద్ధతిలో 'టైమ్ ఇనఫ్' అనీ అనొచ్చు. 'ఓల్డ్ ఇనఫ్' అన్నప్పుడైతే వెనక తప్ప చోటే లేదు. ల్యోర్ అసలు అర్థం కూడా ఇనఫే కాబట్టి ఇంగ్లీషు వాళ్ళ చెవికి 'మనీ గలోర్' వింతగా అనిపించి ఉండదు.

నీలిసిరా
ఇది బాగుంది. ఎవరూ నాకిలా చెప్పలేదు. కానీ ఇక్కడ నాకో చిక్కు. మూలంలో అర్థం 'సరిపోయేంత' అయితే, 'ఎర్రర్స్ గలోర్' అంటే 'సరిపోయేన్ని తప్పులు' అనా? తప్పులు ఎవరికి సరిపోవాలి?

గుండ్రాయి
మీ మేనేజర్‌కి.

ఐర్లండ్_వాన
నేను ఆరేళ్ళుగా డబ్లిన్‌లో ఉంటున్నాను కాబట్టి రెండు ముక్కలు. ఇక్కడ రోజూ మాట్లాడేది ఇంగ్లీషే అయినా రాజ్యాంగం ప్రకారం ఐరిష్ మొదటి అధికార భాష. రోడ్డు బోర్డులు చాలావరకు రెండు భాషల్లో ఉంటాయి. నా పక్క సీటతను పడమటి తీరం నుంచి వచ్చాడు, అక్కడ ఐరిష్ ఇంట్లో మాట్లాడతారు. అతను ఫోన్ పెట్టేసే ముందు వాళ్ళమ్మతో 'క్యార్త్ గొ ల్యోర్' అంటాడు. మొదట్లో నాకు 'గలోర్' అని వినబడి, ఏం బోలెడు ఉన్నాయి రా ఇతనికి రోజూ అనుకునేవాణ్ని. అడిగితే నవ్వాడు. 'క్యార్త్' అంటే సరి. మొత్తం కలిపితే 'సరేలే', 'బాగానే ఉంది' అని. అక్కడ గొ ల్యోర్ అంటే బోలెడు కాదు, 'తగినంత'.

ఇంకోటి. ఏదైనా ఇక చాలు అనాలంటే 'ఇస్ ల్యోర్ షిన్' అంటారు. అది చాలు, అని. అదే మనిషి 'గొ ల్యోర్ దీనె' అంటే చాలామంది జనం. (అవును, ఇక్కడ నామవాచకానికి ముందు వచ్చింది. ఐరిష్‌లో రెండు వైపులా నడుస్తుంది, ఇంగ్లీషు ఒక వైపే పట్టుకుంది.) ఒకే మాటకి చాలు, చాలా రెండూనా అని అప్పుడు తల గోక్కున్నాను.

వీణతీగ
ఐర్లండ్_వాన గారూ, మీరు రాసిన ఆఖరి వాక్యం మీరే మళ్ళీ ఒకసారి చదువుకోండి. 'ఒకే మాటకి చాలు, చాలా రెండూనా.'

ఐర్లండ్_వాన
చదివాను. ఏమైంది?

వీణతీగ
'చాలు', 'చాలా'. మన దగ్గర కూడా అవి ఒకే మాట.

ఐర్లండ్_వాన
అయ్యబాబోయ్.

నీలిసిరా
ఒక్క నిమిషం. నిజమా? పుట్టినప్పటి నుంచి రోజుకి వందసార్లు అంటున్నాను, ఎప్పుడూ తట్టలేదు.

వీణతీగ
రోజూ అనే మాటలు తట్టవు. వివరంగా చెబుతాను, నేను చెప్పే పాఠమే ఇది.

'చాలు' క్రియ. సరిపోవు అని అర్థం. చాలదు, చాలవు, చాలక, చాలినంత, చాలీచాలని జీతం, అన్నీ దాని సంతానం. తెలుగు క్రియకి చివర 'అ' చేరిస్తే వచ్చే రూపం ఒకటుంది, వ్యాకరణంలో తుమున్నర్థకం అంటారు. చేయ, పోవ, రా లాంటివి. 'చాలు'కి అది 'చాల'. అంటే 'చాలేటట్టుగా', 'సరిపోయేలా'. అదే సాగి 'చాలా' అయింది. ఇలా సాగినవి మన నోట్లో ఇంకా ఉన్నాయి. నిండు, నిండా. తనివి తీరు, తనివితీరా. కళ్ళారా, నోరారా, మనసారా అన్నవాటిలో ఉన్నది 'ఆరు' అనే క్రియ, నిండుకోవడం, తృప్తిపడడం అనే అర్థంలో. 'కుండ నిండా' అన్నప్పుడు నిండేలా అని ఎలా అర్థమో, 'చాలా' అన్నప్పుడు చాలేలా అని అర్థం. క్రమంగా 'సరిపోయేంత' అనే హద్దు చెరిగిపోయి 'ఎక్కువ' మిగిలింది.

అరసున్న గారు పైన ఏం రాశారో చూడండి. గొ ల్యోర్ అంటే చాలినంతగా. ఐరిష్ వాళ్ళు ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడికి వెళ్ళారో మనమూ అక్కడే మొదలుపెట్టి అక్కడికే వెళ్ళాం. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే.

కోడ్‌కూలీ
నేను చెప్పానా లేదా అన్నదమ్ములని!

అరసున్న
కోడ్‌కూలీ, చుట్టరికం వేరు, ఒకే బుద్ధి పుట్టడం వేరు. ఇది రెండోది. వీణతీగ గారికి దండం, ఈ పోలిక నాకు తట్టలేదు. ఇంకా చుట్టాలు కావాలంటే పక్కనే ఉన్నారు. కన్నడంలో 'సాలదు' అంటే చాలదు. తమిళంలో 'సాల' అంటే మిక్కిలి. అవి నిజంగా ఒక తల్లి పిల్లలు.

పాతగడియారం
అందుకే మొత్తుకునేది, 'చాలా' తప్పు, 'చాల' అని రాయాలి అని. తుమున్నర్థకానికి దీర్ఘం ఎక్కడిది? పత్రికలన్నీ కలిసి పాడుచేశాయి.

గుండ్రాయి
వచ్చేశారు. ఏ చర్చైనా యాభై పోస్టుల్లోపు ఈయన దీర్ఘం దగ్గరికి రాకపోతే నాకు నిద్రపట్టదు.

పాతగడియారం
నవ్వండి. పాత పద్యాల్లో వెతకండి, 'చాల' అనే ఉంటుంది.

వీణతీగ
పాతగడియారం గారూ, పద్యాల సంగతి నిజమే. కానీ మీరు 'నిండా మునిగాడు' అంటారా, 'నిండ మునిగాడు' అంటారా? 'కళ్ళారా చూశాను' అనకుండా 'కళ్ళార చూశాను' అంటారా? దీర్ఘం పత్రికలు పెట్టింది కాదు, నోరు పెట్టింది. గ్రాంథికంలో చాల, వాడుకలో చాలా. రెండూ ఉండనివ్వండి.

పాతగడియారం
'కళ్ళారా' కాదు, 'కన్నులార'.

గుండ్రాయి
'చాల' బాగుంది సార్.

రాత్రిబండి
నాకు ఇంకో సరదా విషయం కనిపిస్తోంది. 'డబ్బు చాలు' అన్నప్పుడు మాట వెనక ఉంది. 'చాలా డబ్బు' అన్నప్పుడు ముందుకు వచ్చింది. మనవాడు ఎదిగాక ముందు వరసలోకి వచ్చి కూర్చున్నాడు. గలోర్ పాపం ఇంకా వెనక బెంచీలోనే.

వీణతీగ
'డబ్బు చాలా ఉంది' అనీ అంటాం కదా, అప్పుడప్పుడూ పాత బెంచీకి వెళ్ళివస్తుంది.

మంచుగడ్డ
గలోర్‌ని తెలుగులో ఏమనాలి మరి? సబ్‌టైటిల్స్ రాసేదాన్ని నేను. 'బోలెడు' పెడితే చిన్నపిల్లల భాషలా ఉంటుంది. 'పుష్కలం' పెడితే ప్రభుత్వ ప్రకటనలా ఉంటుంది. 'సమృద్ధి' అయితే ఆశీర్వచనమే.

కోడ్‌కూలీ
మస్తు.

తోకచుక్క77
దండిగా. ఇబ్బడిముబ్బడిగా. కుప్పలుతెప్పలుగా. మనకి ఎక్కువకి మాటలు ఎక్కువే.

రాత్రిబండి
బోలెడు అంత చిన్నపిల్లల మాటేం కాదండీ. గంపెడు, బండెడు, చేటెడు, పిడికెడు వరసలోది. బోలె అనే పాత్ర నిండా అని. నిజంగా పట్టి చూస్తే అంత పెద్ద కొలతేం కాదు. ఇప్పుడు 'బోలెడంత ఆకాశం' అన్నా చెల్లుతోంది.

అరసున్న
నా ఓటు 'కోకొల్లలు'. 'ఇలాంటి ఉదాహరణలు కోకొల్లలు.' 'తప్పులు కోకొల్లలు.' చూశారా, నామవాచకం ముందు, ఇది వెనక. 'కోకొల్లల తప్పులు' అని ఎవరూ అనరు. గలోర్ గుణం అచ్చంగా దీనికే ఉంది. కొల్ల అంటే దోపిడీ సొమ్ము, కొల్లగొట్టడం అందులోంచే. దోచినా తరగనంత ఉందని.

నీలిసిరా
'తప్పులు కోకొల్లలు', 'ఎర్రర్స్ గలోర్'. భలే కుదిరింది. ఇది ఆరోజే తెలిసి ఉంటే నాకు ఆ నవ్వు బొమ్మ తప్పేది.

మంచుగడ్డ
మెచ్చుకోలుకి పనికొస్తుందా అది? కోకొల్లలు అనగానే ఏదో ఫిర్యాదు వినబడుతుంది నాకు. గలోర్ అలా కాదు, సంబరంగా ఉంటుంది. 'ప్రైజెస్ గలోర్' అని అరిచినట్టు.

అరసున్న
'అవకాశాలు కోకొల్లలు' అంటాం కదా, అందులో ఫిర్యాదు ఏముంది?

మంచుగడ్డ
అవకాశాలు కోకొల్లలు అని చెప్పినవాళ్ళెవరూ నాకు ఒక్కటీ ఇవ్వలేదు. అందుకే అలా వినబడుతుందేమో.

వీణతీగ
'కావలసినన్ని' చూడండి మంచుగడ్డా. 'బహుమతులు కావలసినన్ని.' ఇందులోనూ చాలు-చాలా కథే. కావలసినంత అంటే అవసరం మేరకు అని మాట చెబుతోంది, మనం మాత్రం అవసరానికి మించి ఉన్నప్పుడే అంటాం. 'వాడికి కావలసినంత ఉంది' అని ఎవరి గురించి అంటాం? కొలిచి సరిపెట్టుకునేవాడి గురించి కాదు కదా.

డాక్టరమ్మ
మధ్యలో దూరుతున్నాను. ఇదే పనిలో 'ప్లెథోరా' సంగతి కూడా తేల్చండి. మా రంగంలో అది జబ్బు లక్షణం. జనం 'ప్లెథోరా ఆఫ్ ఛాన్సెస్' అని రాస్తుంటే నాకు ఆ ఛాన్సులకి బీపీ చూడాలనిపిస్తుంది.

నీలిసిరా
జబ్బా?

డాక్టరమ్మ
గ్రీకులో నిండడం అనే అర్థమున్న మాట అది. పాత వైద్యంలో ఒంట్లో రక్తం మోతాదు మించిపోయిందని అనుకున్న స్థితికి పెట్టారు. ముఖం ఎర్రబారడం, నాడి బరువుగా కొట్టడం చూసి ప్లెథోరా అని తేల్చి, నరం కోసి రక్తం తీసేసేవాళ్ళు. రోమ్ కాలపు వైద్యుడు గేలెన్ సిద్ధాంతాల బలం మీద ఈ రక్తం తీసే వైద్యం 19వ శతాబ్దం దాకా సాగింది. ఎంతమంది దీనివల్లే పోయారో. ఇంగ్లీషులో కూడా ముందు వైద్యుల పుస్తకాల్లోనే కనిపించింది, తర్వాతే మామూలు 'అతి'కి పాకింది. ఇప్పటికీ 'ఫేషియల్ ప్లెథోరా' అని కేస్ షీటులో రాస్తాం, ముఖం రక్తం చిమ్మినట్టు ఎర్రగా ఉంటే. ఎర్రకణాలు మరీ పెరిగిపోయే జబ్బులో, కుషింగ్ సిండ్రోమ్‌లో (ఒంట్లో కార్టిసాల్ హార్మోన్ ఎక్కువయ్యే జబ్బు) కనిపిస్తుంది.

పాతగడియారం
అంటే ప్లెథోరా అనేది 'మితిమీరినది' అనే అర్థంలోనే వాడాలి. మంచివాటికి వాడడం తప్పు. ఇది నేను ఎప్పటి నుంచో చెబుతున్నదే.

రాత్రిబండి
ఆ లెక్కన గలోర్‌ని 'సరిపోయినంత' అనే అర్థంలోనే వాడాలి. 'చాలా'ని కూడా. మీరు 'చాల సంతోషం' అన్నప్పుడు సరిపడా సంతోషం, అంతకు మించి వద్దు అనా?

గుండ్రాయి
ఒక దెబ్బకి రెండు పిట్టలు. పైగా దీర్ఘం లేకుండా.

పాతగడియారం
అది వేరు, ఇది వేరు.

వీణతీగ
వేరు కాదండీ. 'కంపు' అంటే పూర్వం వాసన, పరిమళం కూడా. ఇప్పుడు ఎవరినైనా మీ తోట కంపు అద్భుతం అని మెచ్చుకుని చూడండి. 'చీర' ఒకప్పుడు మగా ఆడా తేడా లేకుండా బట్ట. పుట్టుక తెలుసుకోవడం సరదా, కానీ పుట్టుకని పట్టుకుని ఇప్పటి వాడుకని కోర్టుకి లాగలేం. అయితే ప్లెథోరా విషయంలో మీ అనుమానం పూర్తిగా కొట్టిపారేయను. చాలామంది ఇంగ్లీషు సంపాదకులకి కూడా అందులో ఇంకా 'అతి' వినబడుతుంది. వాళ్ళు మంచివాటి పక్కన దాన్ని చూస్తే మొహం చిట్లిస్తారు.

డాక్టరమ్మ
ఆ గ్రీకు మూలానికి చుట్టాలు మనకీ ఉన్నారు. సంస్కృతం 'పూర్ణ', లాటిన్ 'ప్లేనుస్', ఇంగ్లీషు 'ఫుల్', 'ప్లెంటీ', అన్నీ ఒకటే వేరు. కోడ్‌కూలీ గారూ, ఇవి మాత్రం నిజంగానే అన్నదమ్ములు.

కోడ్‌కూలీ
ఎట్టకేలకు!

అరసున్న
ఇంగ్లీషులో ఎక్కువని చెప్పే మాటలకి ఒక్కోదానికి ఒక్కో బొమ్మ ఉంది. 'అబండెన్స్'లో నీళ్ళున్నాయి. లాటిన్ 'ఉండా' అంటే అల, గట్టు దాటి పొర్లడం. మన 'వెల్లువ' లాంటిది. 'ప్లెథోరా'లో రక్తం. 'కార్నుకోపియా'లో కొమ్ము, జ్యూస్ దేవుడికి పాలిచ్చిన మేక కథలోది. 'కోపియా' అంటే సమృద్ధి. 'కాపీ' అనే మాట కూడా ఆ కోపియా నుంచే వచ్చింది. ఒకటి ఉన్నదాన్ని బోలెడు చేయడం కదా.

నీలిసిరా
మా మేనేజర్ పదిమందికి వేసిందే, అదన్నమాట సమృద్ధి.

తోకచుక్క77
బోలెడు అనే అర్థంలో వాడే 'ఎ స్ల్యూ ఆఫ్' మర్చిపోకండి, అదీ ఐరిషే. 'స్లుఅ' అంటే గుంపు, సేన. ఇంకా విచిత్రం, 'స్లోగన్' కూడా అక్కడిదే. స్కాటిష్ గేలిక్‌లో సేన వేసే కేక అని.

ఐర్లండ్_వాన
'విస్కీ' కూడా గేలికే. 'ఇష్కా బాహ', జీవజలం. మొదటి సగం ఉంచుకుని రెండో సగం వదిలేశారు.

తోకచుక్క77
ఆ పేరెత్తారు కాబట్టి చెప్పాలి. గలోర్‌ని ప్రపంచమంతా గుర్తుపెట్టుకున్నది 'విస్కీ గలోర్' వల్ల. 1941 ఫిబ్రవరిలో, యుద్ధం నడుస్తుండగా, ఎస్.ఎస్. పొలిటీషియన్ అనే సరుకు ఓడ లివర్‌పూల్ నుంచి జమైకా, అమెరికాల వైపు బయల్దేరి స్కాట్లండ్ పడమర ఎరిస్కే దీవి దగ్గర రాళ్ళకి కొట్టుకుంది. అందులో రెండు లక్షలకు పైగా విస్కీ సీసాలు. రేషన్ కాలం. దీవి జనం రాత్రిళ్ళు పడవలేసుకుని వెళ్ళి మోసుకొచ్చి, ఎక్కడ పడితే అక్కడ దాచేశారు. కస్టమ్స్ వాళ్ళు వెంటబడ్డారు, కొందరిని జైల్లో కూడా పెట్టారు. దాని మీద కాంప్టన్ మెకంజీ 1947లో నవల రాశాడు, 1949లో సినిమా వచ్చింది. ఆ దీవిలో మాట్లాడేది గేలికే. అంటే పేరులో రెండు మాటలూ వాళ్ళవే, ఇంగ్లీషు పుస్తకం అట్ట మీదకి ఎక్కాయి.

రాత్రిబండి
ఆ సినిమా అమెరికాలో వేరే పేరుతో ఆడింది. పేరులో మద్యం ఉండకూడదని అక్కడి సెన్సార్ పట్టుబట్టడంతో 'టైట్ లిటిల్ ఐలండ్' అని మార్చారు. 'టైట్' అంటే తాగి ఉన్నవాడు అని కూడా అర్థం. సెన్సార్ వాళ్ళకి తట్టలేదో, తట్టనట్టు ఊరుకున్నారో.

మంచుగడ్డ
నా వృత్తికి సంబంధించిన ముక్క ఒకటి. ఫ్రెంచిలో దాని పేరు 'విస్కీ ఆ గోగో'. 'ఆ గోగో' అంటే కావలసినంత. అదీ వెనకే వస్తుంది. ఫ్రెంచి అనువాదకుడికి ఎంత హాయి, మాటకి మాట దొరికింది. నాకేమో ఇంతమంది కూర్చుని ఇంకా తేల్చలేదు.

మోడ్_మల్లి
విస్కీ మీద ఇంకో చర్చ మొదలుపెట్టాలని ఎవరికైనా ఉంటే వేరే దారంలో. ఇక్కడ మాట మీదే ఉండండి.

అరసున్న
మాట మీదే ఉంటాను. వీణతీగ గారు చెప్పిన 'సరిపోయేంత నుంచి ఎక్కువ' దారిలో ఐరిష్, తెలుగు మాత్రమే నడవలేదు. లాటిన్‌లో 'సతిస్' అంటే చాలినంత. దానికి 'అద్' చేర్చిన మాట ఇటాలియన్‌లో 'అస్సాయ్' అయింది, అర్థం 'చాలా'. పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నవాళ్ళు 'అల్లెగ్రో అస్సాయ్' చూసి ఉంటారు, చాలా వేగంగా అని. అదే మాట ఫ్రెంచిలో 'అస్సే' అయి, పాపం, 'చాలు', 'ఓ మాదిరిగా' దగ్గరే ఆగిపోయింది. ఒకే తల్లి, ఒకడు ఊరంతా తిరిగాడు, ఒకడు గడప దాటలేదు.

నీలిసిరా
మరి ఇంగ్లీషులో?

అరసున్న
ఇంగ్లీషులో 'అసెట్స్' అయింది. పాత న్యాయస్థానాల ఫ్రెంచిలో, పోయినవాడి అప్పులు తీర్చడానికి సరిపడా ఆస్తి ఉందా అని చూసేవారు. ఆ 'సరిపడా'యే అసెట్స్. చివరి 'స్' బహువచనం అనుకుని తర్వాత 'అసెట్' అని ఏకవచనం కూడా తయారుచేశారు. నిజానికి అదొక్కటే మాట.

గుండ్రాయి
అప్పులు తీరేంత ఉంటే ఆస్తి. అంటే నాకు అసెట్స్ లేవు, ఇనఫ్ లేదు, గలోర్ మాత్రం ఉన్నాయి. అప్పులు.

డాక్టరమ్మ
'అప్పులు గలోర్' అనాలి. ముందు పెట్టకండి.

రాత్రిబండి
ఆ సతిస్ పక్కింటిదే ఇంగ్లీషు 'శాడ్' కూడా. ఒకప్పుడు దానర్థం 'నిండినవాడు, తృప్తి పడ్డవాడు'. జర్మన్‌లో ఇప్పటికీ 'జాట్' అంటే కడుపు నిండినవాడు. ఇంగ్లీషులో మాత్రం నిండింది, బరువెక్కింది, విసుగొచ్చింది, చివరికి దిగులైంది.

వీణతీగ
మనం దాన్ని 'మొహం మొత్తింది' అంటాం. దిగులు దాకా వెళ్ళనివ్వం, అక్కడే లేచిపోతాం.

ఐర్లండ్_వాన
ఇవాళ పక్క సీటతనికి చాలు-చాలా కథ చెప్పాను. రెండు మాటలూ పలికించాను. 'చాలు' బాగానే అన్నాడు. 'చాలా' దగ్గర 'ళ' తెచ్చాడు. తర్వాత నేను 'గొ ల్యోర్' అంటే అతను చెవులు మూసుకున్నాడు, కాబట్టి లెక్క సరిపోయింది. వాళ్ళమ్మకి ఫోన్ చేసి తెలుగు అనే భాషలో కూడా ఇలాగే ఉందట అని చెప్పాడు. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, మరి వాళ్ళకీ ఇంట్లో ఆ భాష మాట్లాడే పిల్లలు తగ్గిపోతున్నారా అని. నేనేం చెప్పాలో తెలియక 'క్యార్త్ గొ ల్యోర్' అన్నాను.

పాతగడియారం
ఇందుకే నేను మొత్తుకునేది.

గుండ్రాయి
సార్, ఈసారి నవ్వడం లేదు.

నీలిసిరా
నా కేసు చివరి భాగం. ఇవాళ మేనేజర్‌కి ఇదంతా క్లుప్తంగా మెయిల్ పెట్టాను. ఐరిష్, వెనక బెంచీ, 'ఇనఫ్', అన్నీ. పంతానికి కాదు, నిజంగానే పంచుకోవాలనిపించి. ఆవిడ జవాబు: 'ఇంటరెస్టింగ్. బట్ టూ ఇన్ఫార్మల్ ఫర్ ఎ రిపోర్ట్. యూజ్ మెనీ.'

రాత్రిబండి
అది మాత్రం నిజమేనండీ. హెడ్డింగుకో ప్రకటనకో కబుర్లకో బాగుంటుంది గలోర్. రిపోర్టులో కాస్త పండగ వేషంలా ఉంటుంది.

నీలిసిరా
మరి మొదటిసారే ఆ మాట చెప్పొచ్చుగా! తిప్పి రాసి, నవ్వు బొమ్మ పెట్టి, పదిమందికి పంపి!

మంచుగడ్డ
నేను సబ్‌టైటిల్‌లో 'బహుమతులే బహుమతులు' అని పెట్టేశాను. డెడ్‌లైన్. అందరూ క్షమించాలి.

అరసున్న
అయ్యో, అది మనకెవరికీ ఎందుకు తట్టలేదు?

వీణతీగ
రోజూ అనే మాట కదా.

కోడ్‌కూలీ
'ఇనఫ్' అనేది 'ఇంపు' నుంచి వచ్చిందా?

అరసున్న
చాలు.

పాతగడియారం
ఇదొక్కటి సరిగ్గా రాశారు.